నకలుకు నకలు

ఈ నవలకు అట్ట లేదు.
మొదటి పేజీ మూల మీద చాయ్ గ్లాసు మరక,
అది సుత జిరాక్సే.
వేలితోటి గోకితే పోదు.
ఎవరో, ఎప్పుడో తాగి మర్చిపోయిన చాయ్
నల్లగ అచ్చయి నాదాంక వచ్చింది.

అడిక్‌మెట్ గేటు కాడ జహంగీరన్న
నూట పది రూపాయలకు సుతిలి కట్టి ఇచ్చిండు.
"అసలు బుక్కు నేను సుత చూడలె చెల్లె,
ఇది నకలుకు నకలు."
కొన్ని వాక్యాల చివర్లు
బైండింగు మడతల మునిగిపోయినయ్.
అక్కడ నేనే అనుకోవాలె,
పెండ్లి అయ్యిందో, మాట తప్పిండ్రో.

కానీ అంచులల్ల ఎవరో ఉన్నరు.
సన్నటి తెలుగు, ఎడమకు వాలిన రాత:

పార్లర్ – బ్యూటీది కాదు. ముందటి అర్ర.
హీత్ – పడావు పడ్డ భూమి, మా చెల్క లెక్క.
ఆటిక్ – అటుక. పేరు సుత కలిసింది!

ఒక పేజీ పొడుగూతా ఒకటే మాట:
వీళ్ళకు పనులేం లేవా?

నవ్వొచ్చింది. రీడింగ్ రూంల
ఎదురుంగ కూసున్న గ్రూప్స్ పిలగాడు
కరెంట్ అఫైర్స్ మీంచి తలెత్తి చూసిండు.

క్లాసుల ఫర్హత్ మేడం అడుగుతది.
నాకు జవాబు తెలుసు.
తెలుగుల తెలుసు.
దాన్ని లేపి, మొకం కడిగి, చెప్పులు తొడిగి
దర్వాజ దాటించే వరకు
ముందు బెంచీల సింథియా
ఆ మాటనే చెప్పి కూసుంటది.
మేడం గుడ్ అంటది.
నా జవాబు గడప మీదనే నిలబడి
తిరిగి లోపలికి పోతది.

పొద్దుగూకంగ ఆర్ట్స్ కాలేజి మెట్ల మీద
ఆ అంచుల మనిషితోటి చదువుకుంట.
పొద్దంతా తాగిన ఎండను
రాయి రాత్రి ఏడు దాంక కక్కుతనే ఉంటది.
అతనో, ఆమెనో.
మా చెల్క అన్నరు గని ఏ ఊరో రాయలె.
ఒక దగ్గర మెస్ బిల్లు లెక్క:
పద్నాలుగు వందల అరవైల నుంచి తీసేస్తే...
ఏం మిగిలిందో జిరాక్సుల పడలె.

నూట నలభై రెండో పేజీల
లీజర్ అనే మాట కింద గీత.
పక్కన అర్థం లేదు.
ప్రశ్నార్థకం ఒక్కటే.

అటెన్క అంచులు తెల్లగున్నయ్.
చివరి దాంక తిరగేసిన, ఒక్క చుక్క లేదు.
నౌకరి దొరికిందా,
పరీక్ష అయిపోయిందా,
లాఠీచార్జి నాడు సంచి ఎక్కడన్న పడిపోయిందా.
ఉత్తగ విసుగొచ్చి సుత ఉండొచ్చు.
నేనెందుకు చెడ్డదే అనుకోవాలె.

జహంగీరన్నను అడిగిన.
"ఇరవై ఏండ్ల సంది రోజుకు మూడు వేల కాయితాలు.
నాకు మొకాలు గుర్తుంటయా చెల్లె?
బకాయిలే గుర్తుండయ్."

నిన్న రాత్రి హాస్టల్ల కరెంటు పోయింది.
ఫోన్ లైటు చెంపకు ఆనించుకొని
పెన్సిల్ చెక్కిన.
నూట నలభై మూడు.

డస్క్ – మునిమాపు. మా అమ్మ బీడీల గంప
కంపెనీల ఇచ్చొచ్చే యాళ్ళ.
థ్రెషోల్డ్ – గడప. లోపల కల్లం మాట
దాగినట్టున్నది. మేడంను అడగాలె.

మేడంను అడగాలె అని రాసినంక
ఆ మాటను చానాసేపు చూసిన.

వెనక్కి తిప్పి, లీజర్ కాడ
ఆ ప్రశ్నార్థకం పక్కన ఇంకొకటి పెట్టిన.

పొద్దుగాల జూనియర్ పిల్ల శైలవి
తనకొక కాపీ కావాలంటే తీసుకపోయిన.
జహంగీరన్న పేజీ ఎత్తి వెలుతురుకు పట్టి
"గీ పెన్సిల్ గీతలు తుడిచి తే,
సాఫ్ వస్తది" అన్నడు.

వద్దన్న.
జర నలుపు పెంచు, అన్న.