తిన్నగా

భుజం ముందే చెప్పింది, నేను వినలేదు.
తర్వాత చలికాలం చెప్పింది.
చివరికి డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చెప్పాడు:
"రాగ్న్‌ఫ్రిద్, ఇక ఆ తాళ్ళు లాగడం చాలు."

ఏప్రిల్‌లో తెర్నాను అమ్మేశాను.
బెర్గెన్ నుంచి వచ్చిన పిల్లలిద్దరూ
ధర అడగకముందే తెరచాప కొయ్య మీద
అరచెయ్యి ఆనించి చూశారు.
అందుకే వాళ్ళకిచ్చాను,
యాభైవేల క్రోనర్లు ఎక్కువిస్తానన్నవాణ్ణి కాదని.

ఆ డబ్బులో సగంతో ఈ మోటారు పడవ.
ఇరవై రెండడుగులు, రెండు కొసలూ కోసుగా,
పొట్టలో ఒకే ఒక్క సిలిండరు డీజిల్ ఇంజను,
వయసులో నాకు చెల్లెలు.
బతిమాలినా, తిట్టినా గంటకు ఆరు మైళ్ళే.
మా అన్న ఐలిఫ్ రేవు మెట్ల మీద కూచుని
"ఇది పడవా, కుట్టుమిషనా?" అన్నాడు.
డుబ్బు డుబ్బు డుబ్బు
ఫ్యోర్డ్ రెండు గట్లనీ కలిపి కుడుతున్నట్టే ఉంది,
వాడు అబద్ధం చెప్పలేదు.

మొదటిరోజే ఎదురుగాలి.
చేతులు వాటంతటవే చుక్కాని తిప్పాయి
కాసేపు ఎడమవారకు, కాసేపు కుడివారకు.
ఎదురుగాలిని నలభై ఏళ్ళుగా
అలా వంకర మెట్ల మీదే కదా ఎక్కింది!
అవతలి దీవిలో కిటికీలోంచి చూసి
బోర్గ్‌హిల్డ్ ఫోను చేసింది: "తాగున్నావా?"
లేదు.
వెళ్ళాలనుకున్న చోటికి
ముక్కు పెట్టి
వెళ్ళిపోవచ్చని
నాకింకా తెలియదు, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
గాలిని అడుక్కుతిన్నదాన్ని నేను.
అది పెట్టినరోజు తిన్నాను.
పెట్టనిరోజు దిక్కులు చూస్తూ
పడవలోనే పడుకున్నాను.
ఇప్పుడు చక్రాల బండి మీద డీజిల్ డబ్బా తోసుకొస్తుంటే
అప్పు తీరినదాని మొహం పెట్టాలో
అన్నం పెట్టిన ఇల్లు విడిచొచ్చినదాని మొహమో
తేలడం లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను.
అన్నేళ్ళూ నా మెడ పైకే ఉండేది.
కొయ్య కొసన పీలిక ఎటు కొట్టుకుంటోంది,
చాప పొట్ట ఎక్కడ జారింది.
నీటి అంచుని నేనెప్పుడు చూశాను?
ఈ వేసవిలో చూశాను.
రాళ్ళ మీద పోటు వదిలెళ్ళిన నాచుగీత.
పిల్లను మూతితో నెట్టుకెళుతున్న సీలు.
హెర్‌దిస్ వాళ్ళ పడవల కొట్టం గోడ మీద
ఎర్రరంగు పెచ్చు కింద ఇంకో ఎర్రరంగు.
చేతిలో కాఫీ కప్పు.
ఒలకని కాఫీ!

జులై పదిహేడున గాలి పూర్తిగా పడిపోయింది.
నీళ్ళు పేరిన నెయ్యిలా ఉన్నాయి.
మలుపు తిరగ్గానే తెర్నా,
చాప తడిదుప్పటి ఆరేసినట్టు వేలాడుతూ.
అల వాళ్ళను కుదపకూడదని
దూరంనుంచే ఇంజను తగ్గించాను.
"తాడు విసరనా?"
అమ్మాయి నవ్వింది.
"వద్దండీ, గాలి వస్తుంది."

ఎన్నిసార్లన్నానో ఆ మాట,
ఎందరు మోటారు పడవలవాళ్ళతో,
ఎంత మర్యాదగా, ఎంత పొగరుగా!
ఆ పొగరు కూడా తెర్నాతోపాటే వెళ్ళిపోయినట్టుంది.
అమ్మకం కాగితంలో నేనది రాయలేదు.

ఇంజను ఆపేశాను.
డీజిల్ ఉంది, ఇంటి దగ్గర పనీ ఉంది,
అయినా ఆపేశాను.
రెండు పడవలూ కాసేపు ఊరికే ఉన్నాయి.
ఎవరం ఏమీ మాట్లాడలేదు.
ఎక్కడో ఒక చేప ఎగిరి పడింది.

కుడిచెంప మీద సన్నగా, చల్లగా
ఏదో.
నీళ్ళకింకా తెలియదు.
చెబుదామని నోరు తెరిచాను.
అంతలో ఆ అమ్మాయి
మాట మధ్యలో పిలుపు విన్నదానిలా
తల పక్కకి తిప్పింది.

నేను ఎడమచేత్తో హ్యాండిలు తిప్పాను.
మూడోసారికి పలికింది కుట్టుమిషను.
అక్కణ్ణుంచి ఇంటికి తిన్నగా,
దాదాపు తిన్నగా.