సొరుగుల గది

ఫిన్లాండ్, కయానీ. మధ్యాహ్నం మూడింటికే చీకటి.
పరికరాలు అరువిచ్చే గదిలో రాయిలి
సొరుగులకి చీటీలు అంటిస్తోంది:
వేలితో నొక్కేవి. గడ్డంతో తిప్పేవి.
ఊదితే ఒక మాట, పీలిస్తే ఇంకో మాట వినే గొట్టాలు.
చూపు నిలిపితే చాలనేవి.

నచ్చక, పీకి మళ్ళీ అంటించింది:
ఔను-కాదు మాత్రమే తెలిసినవి,
కొంచెం, ఇంకొంచెం కూడా తెలిసినవి.

ఈ పసుపు బొత్తాం ఎందులోనూ ఇమడదు.
పాదానికని కొన్నారు.
తౌనో దాన్ని చెంపతో నొక్కి
"టీ చల్లారింది" అంటాడు.
చెంపకి సొరుగు లేదు.

"నువ్వే చెప్పు, ఎలా విడదీయను?"

తెర మీద అక్షరం. చాలాసేపటికి మరో అక్షరం.
రాయిలి గోటికంటిన జిగురు గీక్కుంటూ కూర్చుంది.
పదకొండు నిమిషాలు.

"నా కోసం ఆగేవి. ఆగనివి."

టీ మళ్ళీ చల్లారింది.