పాతవి తీసేయమంటారా

పొద్దున లాబ్ తలుపు తీస్తే తెర మీద ఒకటే మాట:
డిస్కు నిండింది. ఇక రాయలేను.

జర్దా డబ్బీ అంత నల్లటి పెట్టె,
రబ్బరు బ్యాండు చుట్టి, ఆమ్ల సీసాల బీరువా పక్కన.
జలాలుద్దీన్ సార్ రిటైరయిన రోజు చేతిలో పెట్టి
"రాత్రి పదకొండుకు అదే రాసుకుంటది బేటా,
నువ్వేం ముట్టకు" అన్నడు.
నాలుగేండ్లు ముట్టలేదు.
నల్లగొండంతా కరెంటు పోయిన రాత్రులు కూడా
యూపీఎస్ కూతల నడుమ అది రాసుకుంటనే ఉన్నది.

ఇయ్యాల విప్పి చూసిన,
ఈ జాగంతా ఎవరు మింగిండ్రో అని.
అటెండర్ కొమురెల్లి మనుమని ఇరవై ఒకటో రోజు వీడియో,
మూడు సినిమాలు, అందులో ఒకటి రెండుసార్లు,
ఎవరిదో ఇంటి ప్లాను, తూర్పు వాకిలి,
సంతకం లేని సెలవు చిట్టీలు.
వాటికి కాపీ, కాపీకి కాపీ,
ఏ మార్పూ లేని పేజీని కొత్తదనుకొని మళ్ళా ఒకసారి.
పదకొండు మండలాల బోరునీళ్ళు,
చండూరు, మర్రిగూడ, నాంపల్లి,
అన్నీ కలిపి తూకమేస్తే
ఆ పోరడు ఉయ్యాలలో ఆవలించిన నిమిషమంత లేవు.

నవ్వొచ్చింది.
కిందికి పోతుంటే నవ్వు ఆగింది.

పదమూడుకు ముందటి సంవత్సరాలు లేవు.

కంప్యూటర్‌లో జాగా లేదని
వాటిని తీసేసింది నేనే.
డిస్కులో ఉన్నయి కదా అనుకున్న.
డిస్కు కూడా నా లెక్కనే అనుకున్నది:
కంప్యూటర్‌లోనే లేనివి నాకెందుకని,
నిండినప్పుడల్లా అడుగునుంచి ఒకటొకటి జారవిడిచింది.
సార్ ఎప్పుడో పెట్టిన టిక్కు అది.
పాతవి తీసేయమంటారా? అవును. ఎప్పటికీ అవును.

ఇంతలో వచ్చిండు ముత్తిలింగం, ఎర్రగుంటపల్లి.
పిలిస్తే మెడ తిరగదు,
మనిషంతా తిరుగుతడు, బీరువా జరిపినట్టు.
"తొమ్మిదిల మా బోరు నీళ్ళు సీసాల పట్టుకపోయిండ్రు.
ఆ కాయితం కావాల్నంటుండ్రు ఆఫీసుల."

డబ్బా చూపించి చెప్పిన, ఇందులో ఉండెనని.
వంగలేడు, కండ్లు మాత్రం దించి చూసిండు.
"దీంట్ల ఎన్ని నీళ్ళు పడ్తయి బిడ్డా?"

ఎన్నని చెప్పాలె?
తీసేసిన సంగతి చెప్పిన, నేనే అని కూడా చెప్పిన.
ఆయన కోపానికి రాలేదు.
కుడిచెయ్యి ముందుకు చాపిండు,
అది మోచేతి దగ్గర ఆగింది, తలుపుకు రాయి అడ్డం పెట్టినట్టు.
"బోరు పూడ్చి పన్నెండేండ్లాయె.
ఇది మాత్రం గట్లనే."
ఆ చెయ్యితోనే చాయ్ గ్లాసు అందుకున్నడు,
గ్లాసు దగ్గరికి మొఖాన్ని తెచ్చి తాగిండు.

సార్‌కు ఫోన్ చేసిన.
"రిజిస్టర్ రాసిన బేటా, నీలి అట్టది.
బీరువా కింద చూడు, చెద పట్టకపోతే."

పట్టింది.
పేజీల నడుమ మట్టి దారులు, వాగుల లెక్క.
ఎర్రగుంటపల్లి, సార్ గుండ్రటి అక్షరాలు,
హరిజనవాడ బోరు, ముత్తిలింగం ఇంటి ముందు.
ఫ్లోరైడు: ఆరు. చుక్క.
చుక్క తర్వాత రంధ్రం.

ఆయన రంధ్రంలో వేలు పెట్టి చూసిండు.
"ఆరు చాలదా?"

సాయంత్రం ప్రకాశం బజారులో కొత్త డిస్కు కొన్న,
నాలుగువేల ఆరు వందలు, ఈ బిల్లు ఎవరూ పాస్ చెయ్యరు.
తెల్ల టేపు మీద పెన్నుతో రాసిన: నీళ్ళు మాత్రమే.
టిక్కు తీసేసిన.
కొమురెల్లి వీడియో ఆయనకే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన,
అరే, ఇది పోయిందనుకున్న మేడం, అని మస్తు ఖుష్ అయిండు.

రిజిస్టర్‌లో మిగిలినంత కొట్టుకుంట కూర్చున్న.
ఆరు, చుక్క, అక్కడ ఒక ఖాళీ గడి.
ఖాళీ గడిని యంత్రం సున్నా అనుకుంటదని
పక్కన రాసిన: చెద తిన్నది, సున్నా కాదు.

పదకొండు అయింది.
దీపం మిణుకు మిణుకుమంటున్నది.