ఏడో చెరువు పలకలేదు

పన్నెండు చెరువులు. ఆకివీడు దాటాక,
ఉప్పుటేటి గట్టుకి ఇవతల.
ఒక్కో నీటిలో ఒక్కో సెన్సర్ వేలాడదీసి
మేత బస్తాల షెడ్డులో అరచెయ్యంత కంప్యూటరు పెట్టి
నా ప్రోగ్రాముకి నేను నేర్పింది ఇంతే:
ఒకటో చెరువుని అడుగు, ఊపిరెంత ఉందని.
చెప్పేదాకా ఆగు.
చెప్పాక రెండోదాన్ని అడుగు.

బుద్ధిమంతురాలి పద్ధతి. బడిలో హాజరు పిలిచినట్టు.

ఆ రాత్రి ఏడో చెరువు పలకలేదు.
తీగని ఎలక కొరికిందని తెల్లారాక తెలిసింది.
ప్రోగ్రాము మాత్రం అక్కడే నిలబడింది
ఇంట్లో ఎవరూ లేరని తెలీక
చేతిసంచీ అయినా దించని చుట్టంలా,
రెండు నుంచి ఐదు దాకా.
దాని వెనక ఎనిమిది, తొమ్మిది, పది.
పదకొండులో ఏరేటరు ఆగిపోయింది.
పదకొండు చెప్పడానికి సిద్ధంగానే ఉంది.
అడిగే దిక్కు లేదు.

తెల్లవారుజామున నీళ్లకి ఆయాసం ఎక్కువ.
వారంలో ముప్ఫై కౌంటుకి రావలసిన రొయ్యలు
అంచుకి చేరి, మీసాలు పైకెత్తి,
తరవాత ఎత్తడం మానేసి.
రామభద్రరాజుగారు నన్నేమీ అనలేదు.
చెప్పులు విడిచి గట్టు మీద కూర్చున్నారు.
అంటే బావుండేది.

"మరి నేనెలా చేస్తానండి అమ్మాయిగారూ?"
అన్నాడు కాపలా ఏసుపాదం, మూడో రోజున.
చెక్ ట్రేలో గుప్పెడు మేత వేసి
ఒకటో చెరువులో దింపుతాడు. అక్కడ కూర్చోడు.
తాడు కర్రకి ముడేసి రెండోదానికి పోతాడు,
మూడోదానికి పోతాడు,
తిరిగొచ్చేసరికి ఏ తాడు పిలిస్తే దాన్ని లాగుతాడు.
"తినేవి అవి కదండీ.
నేను నిలబడి చూస్తే తొందరగా తింటాయా?"

ఆ మధ్యాహ్నం, భాష తనతోపాటే పుట్టింటినుంచి
తెచ్చుకున్న లైబ్రరీ తెరిచాను.
(లైబ్రరీ అంటే ఏసుపాదం
పంచాయతీ ఆఫీసు పక్కన తాళమేసిన గది అనుకున్నాడు.
తప్పేం కాదు. ఇందులోనూ చాలా గదులు
నేను తాళం తియ్యనివే.)
కొత్తగా ఏదీ దింపుకోనక్కర్లేకపోయింది.
ఎవరో ఎక్కడో ఒక రాత్రి పోగొట్టుకున్నాకే
రాసిపెట్టి ఉంటారు ఆ మాటలు:
అడిగి వచ్చెయ్, ముడి గుర్తుంచుకో,
కదిలిన తాడు దగ్గరికి వెళ్లు.
కదలనిదానికి గడువు పెట్టు.

ఒక్క సంగతి మాత్రం చదివినప్పుడు ఎక్కలేదు.
వీళ్లు పన్నెండుమంది కాపలావాళ్లు కాదు. ఒక్కడే.
వాడు మూడో గట్టు మీద ఆగి
చిట్టీ పాట లెక్కల్లో పడ్డాడా,
తాళ్లన్నీ కదులుతూనే ఉంటాయి, చూసేవాడుండడు.
నేను మధ్యలో ఇరికించిన నెల సరాసరి
అచ్చం అలాంటి చిట్టీ పాట.
దాన్ని వేరే మనిషికి అప్పగించి పంపేశాను.

ఇప్పుడు రాత్రిళ్లు తెర మీద అంకెలు
నాలుగు, తొమ్మిది, ఒకటి, పన్నెండు అని వస్తాయి.
ఏసుపాదం తలుపు దగ్గర నిలబడి చూస్తాడు.
"వరస పోయిందేంటండి?"
"పలికిన వరస అది."
"ఆయ్," అంటాడు, నమ్మీ నమ్మక.
ఏడు కూడా పలుకుతోంది, కొత్త తీగతో,
కొంచెం ఆలస్యంగా. దాని తీరు అంతే.

పదకొండుని ఎండగట్టారు.
అడుగు బీటలు తీసింది, కొంగలు రావడం మానేశాయి.
జాబితాలోంచి ఆ అంకెని నేనింకా తీసెయ్యలేదు.
అర నిమిషానికోసారి ప్రోగ్రాము దాన్నీ అడుగుతుంది.
గడువు దాకా చూస్తుంది.
ఈలోపు మిగతా పదకొండింటి మాటా వింటుంది.

రెండు గంటల వేళ ఏసుపాదం ఆ గట్టు మీదుగా వెళ్తూ
టార్చి ఒకసారి అటు తిప్పుతాడు.
ఆగడు.