ఆరో పట్టు

ఆ మాటకి ముందసలు తెలుగు లేదు.
మెల్విన్ సారు కాగితం ఇచ్చాడు, మూడు భాషల్లో చాటాలని.
కన్నడం ఆయన ఆఫీసులో రాశారు,
అరవం ఆయన డ్రైవరు చెప్పాడు,
తెలుగు మాత్రం "నువ్వే చూస్కో చౌడప్పా" అన్నాడు.

టాకిల్‌ని ఏమనాలి?
పడగొట్టుడు అంటే పోలీసులొస్తారు.
కౌగిలి అంటే కాలేజీ పిల్లలు నవ్వుతారు.
నీలసంద్ర మలుపులో ఆటో ఆపి
బీడీ ఒకటి అయ్యేదాకా ఆలోచించి
పట్టు అన్నాను.

అయ్యలారా అమ్మలారా, ఆరంటే ఆరు పట్లు!
ఆరోసారి పట్టుబడితే బంతి అవతలివాళ్లది!
పదమూడుమంది ఇటు, పదమూడుమంది అటు,
కూత లేని కబడ్డీ, రగ్బీ లీగు,
ఆదివారం నాలుగింటికి ఆస్టిన్ టౌన్ గ్రౌండులో
టికెట్టు లేదు, టోపీ ఉచితం!

"బంతేదన్నా?" అన్నాడు కోళ్ల కొట్టు కుర్రాడు.
సీటు కిందనుంచి తీశాను.
పనసగింజని ఎవరో ఊది ఊది పెంచినట్టుంది.
నేలకేస్తే నావైపు రాలేదు, వాడివైపూ పోలేదు,
నేరుగా మోరీలోకి పోయింది.

ఈ ఆటకి ఉన్నచోట చూసేవాళ్లు
ఆడేవాళ్ల అన్నదమ్ములేనంట.
ఊరు మారిస్తే జనం పుడతారని సారు నమ్మకం.
పెట్టుబడి ఆయన బావమరిదిది.

ఆదివారం.
మూడొందల కుర్చీలు, కుర్చీకి ఎనిమిది రూపాయల బాడుగ.
నలభైమంది వచ్చారు.
అందులో తొమ్మిదిమంది అంబులెన్సువాళ్లూ కానిస్టేబుళ్లూ.
ఇద్దరు టోపీ తీసుకుని పోయారు.
భువనేశ్వర్ పిల్లలు, పుణె పిల్లలు,
రైల్లో కూచుని కూచుని కాళ్లు పట్టేసినవాళ్లు
వరసగా నిలబడి
ఖాళీ కుర్చీలకి నమస్కారం పెట్టారు.
మైకులో నా గొంతు ఒక్కసారి తప్పింది.

నాలుగూ ఇరవైకి వాన.
బస్టాపు ఖాళీ అయింది, షామియానా నిండింది.
కూరల సంచులు, బిర్యానీ పొట్లాలు,
చర్చిలో పెళ్లినుంచి పూలదండతో సహా ఒక కుటుంబం,
ఇస్త్రీ బండి మునెమ్మ,
భుజాన ఎవరెవరివో ప్యాంట్ల మూట.
సారు వేలు ఆడిస్తూ లెక్కపెట్టాడు. మూడొందల పన్నెండు!
"వీళ్లు పైకప్పు కోసం వచ్చారు సార్."
"ఫోటోలో పైకప్పు రాదులే."

బురదలో ఆట ఇంకా బాగుంది, నిజం చెప్పాలంటే.
ఎవరు ఏ జట్టో తెలియకుండా పోయింది.
మునెమ్మ అడిగింది,
"వాడేంది, బంతి వెనక్కే ఇస్తాడు?"
"ముందుకి విసరకూడదమ్మా."
"మరి ముందుకెట్ట పోతాది?"
"చంకన పెట్టుకుని, మోసుకుంటా."
ఆమె మూటని ఈ భుజంమీదనుంచి ఆ భుజానికి మార్చుకుంది.
"ఓ. అంతేనా."

అప్పుడు లెక్క మొదలుపెట్టాను.
ఒకటి. పడ్డాడు, లేచాడు, కాలితో వెనక్కి దొర్లించాడు.
రెండు. మూడు.
మూడోదానికి ఎవరో గొంతు కలిపారు.
నాలుగుకి నాల్కు అన్నారు, నాలు అన్నారు,
ఐదుకి అంజు అన్నారు,
గందరగోళం, పెళ్లి పిల్లలు ఈలలు,
ఆరు.

ఆరుకి ముగ్గురిదీ ఒకటే మాట.
నేనెప్పుడూ గమనించలేదు.
ముప్పయ్యేళ్లుగా ఈ ఊళ్లో మూడు భాషల్లో
సర్కస్సులూ సేల్‌లూ ఎలక్షన్లూ అమ్మినవాణ్ణి.
ఆరు! అంది షామియానా మొత్తం,
గుడ్డ మీద ఆగిన నీళ్లు
దభాలున మెల్విన్ సారు మీద పడ్డాయి.

వాన ఆగింది. బస్సులొచ్చాయి.
ఎవరు గెలిచారో రాసుకోలేదు.
మునెమ్మ చివరిదాకా ఉంది, లేక
ప్యాంట్లు ఆరేదాకా ఉందో.

మర్నాడు వేరే బాడుగ, జయనగరం చీరల కొట్టుది.
పట్టు! అసలైన పట్టు! ఆషాఢం తగ్గింపు!
అని చాటుకుంటూ నీలసంద్ర మలుపు తిరిగానో లేదో
కోళ్ల కొట్టులోంచి కుర్రాడు
కత్తి పైకెత్తి అరిచాడు,
"ఎన్నో పట్టన్నా?"