వారసుల జాబితా

ఆలమూరు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద
దస్తావేజులు రాసుకు బతికేవాణ్ని.
తూర్పు: ఫలానా వారి కొబ్బరితోట.
దక్షిణం: పంటబోదె.
ముప్పయ్యేళ్లుగా భూమికి నాలుగు గీతలు గీసి
కింద సంతకం పెట్టించడమే నా వ్యవసాయం.

కిడ్నీలో రాయుందని స్కానింగులో తేలిన వారం
స్టాంపులమ్మే గవర్రాజు ఓ మొక్క తెచ్చి
నా కుర్చీ పక్కన పెట్టాడు.
"రణపాలండి. పరగడుపునే రెండాకులు నమిలేయండి,
రాయేంటి, కొండైనా కరిగిపోద్ది."

నమిలేవాణ్నే.
కడియం నర్సరీలో అంట్లు కట్టే నూకరత్నం
వాళ్లక్క వాటాకి సాక్షి వేలిముద్ర వెయ్యడానికొచ్చి
నా చేతిలో ఆకు చూసి లాగేసుకున్నంత పని చేసింది.

"ఆగండి బాబూ, ఇది రణపాల కాదు.
రణపాల ఆకు కోడిగుడ్డులా ఉంటాది,
అంచంతా గిల్లినట్టుంటాది.
తెంపి పుస్తకంలో పెడితేనో, నేలమీద పడితేనో గానీ
పిల్లలెయ్యదు.
దీన్ని చూడండి, నాటు పడవలా పొడుగ్గా,
రెండంచులూ పైకి లేచి.
తిప్పితే అడుగున వంకాయరంగు మచ్చలు.
తల్లి నిలబడుండగానే
అంచు అంచుకీ పిల్లలు, ఏర్లతో సహా.
గొట్టాల్లాంటి ఆకులుండి, కొసన మాత్రమే పిల్లలుంటే
అది దీని చెల్లెలు.
మేక తింటే మేక పడిపోద్ది.
మందు కాదండి ఇది. ఉత్త సోకు."

సిరా అంటిన వేలితోనే
ఒక పిల్లని గోటితో లేపి
స్టాంపు ప్యాడు మూతలో కూచోబెట్టింది.
ఇసుక మూడొంతులు, మట్టి ఒకటి.
"పాతకండి, పైన వదిలెయ్యండి చాలు.
నీళ్లంటారా,
గుర్తొచ్చినప్పుడు కాదు,
మర్చిపోయాక పొయ్యండి."

మాకు నీళ్లు మర్చిపోవడం ఎలాగో తెలీదు.
గడప దిగితే కాలువ, పెరటి తలుపు తీస్తే బోదె,
గోడలకి నడుం దాకా చెమ్మ.
లాకులెత్తారా అన్నదే ఎండాకాలం పలకరింపు.
మొదటిదాన్ని ప్రేమతోనే చంపాను.
కాడ మెత్తబడి తడిసిన బీడీలా వంగిపోయింది.
రెండోదాన్ని కిటికీ గట్టున పెట్టి
పన్నెండు రోజులు మొహం చూడలేదు.
అది బలిసింది.

తర్వాత సంగతి రాయడానికి నా దగ్గర ఫారం లేదు.
కరివేపాకు కుండీలో నలుగురు.
కూలరు తడికలో ఇద్దరు.
స్కూటరు ఫుట్‌బోర్డు రబ్బరు గాడిలో
మండపేట దాకా వెళ్లి తిరిగొచ్చినవాడొకడు.
నాదో పక్కింటివాళ్లదో ఏ పత్రంలోనూ తేలని
గోడ నెర్రెలో ఏడుగురు.
పువ్వు కోసం ఆగదు, గింజ కోసం చూడదు.
వీళ్లకి ఫ్యామిలీ సర్టిఫికెట్టు రాయమంటే
ఏ తహసీల్దారు పెన్ను తీస్తాడు?

"బోదెలోకి జారాయంటే జొన్నాడ దాకా మనమే జవాబుదారీ"
అని మా ఆవిడ మంగతాయారు
రాలినవన్నీ చీపురుతో ఎత్తి
డాబా మీద రేకులో ఎండబెట్టింది.
వారం తర్వాత చూస్తే
రేకు మీదే వేళ్లు పోసుకుంటున్నాయి.
ఆవిడ చాలాసేపు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.
తర్వాత ఒకటి తీసి
పిడి విరిగిన తన టీ కప్పులో పెట్టుకుంది.
ఆ కప్పు ముట్టుకుంటే ఇప్పుడు నాకు తిట్లు.

రాయి ఇంకా ఉంది. డాక్టరు మాత్రలిచ్చాడు.

నిన్న ఇద్దరన్నదమ్ములొచ్చారు, వాటాల పత్రానికి.
మూడడుగుల దారి, నాలుగేళ్ల కోర్టు.
పడమర హద్దు దగ్గర పెద్దవాడి గొంతు లేచింది.
చదివి వినిపిద్దామని కాగితం తిప్పాను.
"పడమర" అన్న మాట పక్కన
ఎప్పుడు రాలిందో, ఒక పిల్ల.
రెండాకులు, దారప్పోగంత వేరు.
డెమ్మీ కాగితాన్ని పట్టుకోవాలని చూస్తోంది.

చిన్నవాడు వంగి చూశాడు. "ఏంటండీ ఇది?"
పెద్దవాడూ వంగాడు.
నాలుగేళ్లలో ఆ రెండు తలలూ
అంత దగ్గరికి వచ్చి ఉండవు.

ఊదేద్దామనుకున్న నోటితోనే
అడిగాను:
"మీ ఇళ్లలో మేకలున్నాయా?"