ఆరు సీసాలు

బానెట్ ఎత్తితే నాన్న నోటి వాసన వచ్చింది.
అదే ఘాటు, వెనకాలే అదే తీపి,
కోతల కూలి చేతికందిన శనివారం రాత్రుల వాసన.
పిరాసికాబా వంతెన మొదట్లో బండి ఆగిపోయింది,
వెనక లారీవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యట్లేదు,
నేనేమో తల లోపల పెట్టి
పీలుస్తూ నిలబడ్డాను.

అరవై అయిదు నాటి ఏరో విల్లీస్.
పెట్రోలు పైపు పైన నూలు అల్లిక, లోపల నల్ల రబ్బరు.
వేలితో నొక్కితే
పాకం కుదరని బెల్లంలా అంటుకుంది.
కార్బురేటర్ గిన్నె విప్పితే అడుగున
ఆవగింజలంత నల్ల నలుసులు.

మా బంకుల్లో పోసేది పెట్రోలని పేరేగానీ
నాలుగో వంతు పైచిలుకు చెరుకు సారాయి.
ఈ బండి కట్టినవాళ్ళు ఇంత తాగుడు లెక్కేసుకోలేదు.

విడిభాగాల కొట్లో వల్దొమీరు
గజం ముక్క చుట్ట చుట్టి ఇచ్చాడు:
"ఇది అన్నిటికీ పనికొస్తుంది, దోనా జుల్మీరా."
అన్నిటికీ పనికొచ్చేది దేనికీ నిలవదని
మా అమ్మ నా పెళ్ళికొడుకుని చూసినరోజే చెప్పింది.
అప్పుడూ వినలేదు.

ఈసారి విన్నాను.
ఆరు కొట్లు తిరిగి ఆరు రకాలు కొన్నాను,
బెత్తెడేసి ముక్కలు కోసి
జామ మురబ్బా సీసాల్లో వేసి
బంకు పెట్రోలు పోసి మూత బిగించి
షెడ్డు అటక మీద, పొయ్యికి దూరంగా, వరస పెట్టాను.
పక్కింటి క్రెమీల్డా వచ్చి
"సారాయిలో మిరపకాయలు ఊరేశావా, నాకో సీసా?" అంది.
ముందు ఆ సిగరెట్ ఆర్పవే తల్లీ అన్నాను.

మూడో రోజుకి ఒకటో సీసా టీ రంగు.
తొమ్మిదో రోజుకి రెండోది ఉబ్బిపోయింది,
పట్టకారుతో లాగినా సీసా మెడ దాటి రాలేదు.
మూడోది "అసలు సిసలు" అని అచ్చేసిన డబ్బాలోది,
పొరలు పొరలుగా ఊడింది. డబ్బా ఇంకా గట్టిగానే ఉంది.
నాలుగూ అయిదూ
మొహమాటానికి నిలబడ్డ చుట్టాల్లా ఉన్నాయి,
ఎప్పుడు లేస్తాయో తెలీదు.
ఆరోదానికి లోపల పల్చటి పొర, విటాన్ అంటారట.
మీటరు ధరకి నాకు రెండు వారాల కూరలొస్తాయి.
నలభయ్యో రోజు తుడిచి వెర్నియర్ పెట్టి చూశాను.
వెంట్రుకంత తేడా లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
నాన్న ముప్పయ్యొక్క ఏళ్ళు చెరుకు కొట్టాడు.
కాల్చిన తోటల మసి చెవుల్లోంచి ఆదివారం దాకా పోయేది కాదు.
ఆ కూలితోనే మూడో చేతి మీద ఈ బండి కొన్నాడు,
సీటు మీద తువ్వాలు పరిచి కూచునేవాడు, మసి అంటకూడదని.
ఇప్పుడు ఆ చెరుకే పైపులోంచి వచ్చి బండిని కొరుకుతోంది.
ఆస్పత్రిలో ఫిల్ము దీపానికెత్తి పట్టి డాక్టరు
"లోపల ఉబ్బింది" అన్నాడు.
ఎన్నో రోజుకి రంగు మారిందో, ఎప్పుడు పొర లేచిందో
మాలో ఎవరు చూశారు గనక.
మేం మూత మీద తేదీ రాయలేదు.

పొద్దున్నే ఆరో పైపు వేశాను,
పాత తీగ కట్లు తీసేసి అంచు కొయ్యని కొత్త క్లిప్పులు బిగించాను.
వంతెన దాటాను. చేపల బజారు దాటాను.
ఎక్కడా ఆగలేదు.
ఇంటికొచ్చి, పనేమీ లేకపోయినా, బానెట్ ఎత్తి
ముక్కు దగ్గరగా పెట్టాను.
వేడి ఇనుము వాసన, ఆయిలు వాసన, అంతే.
కాసేపు అలాగే ఉన్నాను.

అప్పుడు పంపు కింద వేలు పెడితే
తడి. ఒక్క చుక్క.
పంపు లోపల డయాఫ్రమ్ కూడా రబ్బరేనని
ఆరు సీసాల ధ్యాసలో మర్చేపోయాను.

వేలు వాసన చూసుకున్నాను.
క్రెమీల్డాని అడగాలి, ఇంకో మురబ్బా సీసా ఉందేమో.